పెదవి కదిలే దాకా

సాయంత్రం ఐదు దాటాక ఫిల్మ్‌నగర్‌లో మా సందు నిండుతుంది. పైన జూబ్లీహిల్స్ ఇళ్ళలో పని ముగించుకుని ఆడవాళ్ళు గుట్ట దిగి వస్తుంటారు. షూటింగ్ నుంచి వచ్చిన లైట్‌మెన్లు టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటారు. ఆ వేళకు మా గుమ్మం మెట్టు మీద ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. మూడో తరగతి. పాలమూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. తల్లి వచ్చేదాకా ఒక గంట నా దగ్గర చదువుకుంటుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది.

నా ఫోనులో పిల్లల చేత పైకి చదివించే యాప్ ఒకటి వేసుకున్నాం. తెర మీద బొమ్మ, కింద ఒక వాక్యం. పిల్ల చదువుతుంటే ఫోను వింటుంది. సరిగ్గా పలికిన మాట రంగు మారుతుంది, లేకపోతే అలాగే ఉండిపోతుంది. ఒకరోజు ఎర్రటి కాడల ఆకుకూర కట్ట బొమ్మ వచ్చింది. అమ్మ గోంగూర తెచ్చిందని కింద రాసి ఉంది. పిల్ల "అమ్మ" అంది, రంగు మారింది. బొమ్మ చూసి ధీమాగా "పుంటికూర" అంది. రంగు మారలేదు. ఇంకోసారి అంది. మూడోసారికి గొంతు తగ్గిపోయింది. ఫోను ఏమాత్రం విసుక్కోకుండా "గోంగూర" అని పలికి వినిపించింది. పిల్ల నా వైపు తిరిగి అడిగింది: "గది పుంటికూరనే గద, పెద్దమ్మా?"

"అవునమ్మా, పుంటికూరే" అన్నాను. తర్వాత వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టించాను. ఫోను తప్పు చెప్పలేదు, అక్కడ రాసి ఉన్నది గోంగూరే. పిల్లా తప్పు చెప్పలేదు, వాళ్ళమ్మ వండేది పుంటికూరే. పిల్ల ఆకును చదివింది, ఫోను అక్షరాన్ని అడిగింది. ఆ రెంటికీ మధ్య ఎవరో ఒకరు కూర్చుని ఉండకపోతే, తనకు బాగా తెలిసిన సంగతినే తప్పనుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోయేది. ఆ మధ్యలో ఉన్న చోటు గురించి అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

నేను బడిలో పాఠాలు చెప్పినదాన్ని కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా సినిమాలకు డబ్బింగ్ చెప్పాను. తెనాలి నుంచి మద్రాసు వెళ్ళాను, పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చాను. డబ్బింగ్ థియేటర్లో మొదటిరోజు ఒక పెద్దాయన నా చేతిలోని డైలాగు కాయితం పక్కన పెట్టించి, "మాట తర్వాత వస్తుందమ్మాయ్, ముందు పెదవి చూడు" అన్నారు. అప్పట్లో సీనును ముక్కలుగా కోసి, ఒక్కో ఫిల్మ్ ముక్క రెండు కొసలూ అతికించి లూప్ తిప్పేవారు. తెర మీద అదే మొహం, అదే పెదవి, మళ్ళీ మళ్ళీ. పదిసార్లు చూశాక ఆ నటి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసేది. ఆమెతో పాటు నేనూ అక్కడ ఊపిరి తీసుకుంటే మాట దానంతట అదే సింక్‌లో పడేది. ఊపిరిని వదిలేసి మాటను మాత్రం అందుకున్నవాళ్ళ డబ్బింగ్ పైనుంచి అతికించినట్టు ఉండేది.

సీనులో ఎందరుంటే అందరమూ ఒకే మైకు చుట్టూ నిలబడేవాళ్ళం. తండ్రి, కూతురు, మధ్యలో ఒక్క మాట మాత్రమే ఉన్న పనిమనిషి. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావలసిందే. అందుకని నా వంతు కానప్పుడు కూడా పక్కవాళ్ళ మాట మీదే చెవి ఉండేది. కంప్యూటర్లు వచ్చాక ఎవరి ట్రాకు వారిదైంది. ఎదుట లేని తండ్రితో పోట్లాడి, ఏడ్చి, గంటలో పని ముగించుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ తండ్రి గొంతు మర్నాడో, పై వారమో వచ్చి చేరేది. పని తేలికైంది. ఒకరి తప్పుకు పదిమంది కాళ్ళు నొప్పి పుట్టేలా నిలబడే బాధ తప్పింది. ఆ మార్పును నేను నిందించను. కానీ పక్కవాళ్ళ మాట కోసం కాచుకుని ఉండే అలవాటు నాలో మెల్లగా పోయింది. ఆ సంగతి థియేటర్లో కాదు, ఇంట్లో బయటపడింది. "సగం చెప్పేసరికి మిగతా సగం నువ్వే చెప్పేస్తావేంటమ్మా" అని మా అమ్మాయి ఒకరోజు అనేదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు బడుల్లో వస్తున్న మార్పు చూస్తుంటే నాకు ఆ మైకే గుర్తొస్తుంది. ఒకే మైకు చుట్టూ నిలబడ్డ పిల్లలు ఎవరి ట్రాకులోకి వాళ్ళు వెళ్తున్నారు. అందులో లాభం ఉంది. ఆ లాభం నేను స్వయంగా పొందినదాన్ని కాబట్టి ముందు అదే చెప్పాలి.

ఈ గుట్టకూ దూరం నుంచి చెప్పే చదువుకూ పాత సంబంధం ఉంది. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలకు అదే మొదటిది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి. తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ ఆయనే మొదటి ఉపకులపతి అయ్యారు. కాలేజీ మెట్టెక్కలేనివాళ్ళ ఇంటికే పాఠం వెళ్ళాలన్నది ఆ విశ్వవిద్యాలయాల సంకల్పం. ఆ రోజుల్లో ఇక్కడ ఇంటర్ లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పుస్తకం పోస్టులో వచ్చేది, పాఠం రేడియోలో వచ్చేది, ఆదివారాలు దగ్గర్లోని ఏదో ఒక కాలేజీలో క్లాసులు జరిగేవి.

పదో తరగతితో చదువు ఆగిపోయిన నేను ఆ అర్హత పరీక్ష రాసే బి.ఏ.లో చేరాను. డబ్బింగ్ థియేటర్ బయట బల్ల మీద, ఒక రీలుకీ ఇంకో రీలుకీ మధ్య, ఆ పుస్తకాలు చదివాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుగా రాసిన పాఠాలవి. నాలుగు పేజీలకోసారి ఆపి, ఇప్పటిదాకా ఏం తెలిసిందో నువ్వే చూసుకో అన్నట్టు ప్రశ్నలు ఉండేవి. ఆదివారం క్లాసులో నా పక్కన ఆర్టీసీ కండక్టర్ ఉండేవారు, నర్సు ఉండేది, ఇద్దరు పిల్లల తల్లి ఉండేది. ఆ రోజుల్లో మా వరకూ టెక్నాలజీ అంటే అచ్చుపుస్తకమూ, రేడియో పెట్టే. వాటి పుణ్యమా అని మా బతుకులు మారాయి.

ఒక ఆదివారం చరిత్ర చెప్పే మాస్టారు నన్ను లేచి ఒక పేజీ చదవమన్నారు. చదవడం నాకు వృత్తి. ఎక్కడ తగ్గించాలో ఎక్కడ పెంచాలో తెలుసు. చదివి కూర్చోబోతుంటే అందరూ బాగుందన్నారు. మాస్టారు మాత్రం, "చాలా బాగా చదివారమ్మా. ఇందులో మీకు అర్థం కానిదేమిటి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆయన తొందరపెట్టలేదు, తానే అందించలేదు, ఇంకొకరిని అడగలేదు. నా మొహం వంక చూస్తూ నిలబడ్డారు. అంత సేపూ నాకు సిగ్గుగానే ఉంది. చివరికి, రైతు ఎందుకు అప్పులో పడ్డాడో రాశారు గానీ అప్పిచ్చినవాడికి అంత డబ్బు ఎక్కడిదో రాయలేదండీ అన్నాను. ఆయన మొహం విప్పారింది. మిగతా క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

బతుకంతా ఇంకొకరి పెదవికి మాట అందించినదాన్ని. నా పెదవి కదలడం కోసం ఒకరు అలా ఆగి చూడటం అదే మొదటిసారి. అచ్చుపుస్తకం నాకు పాఠం ఇచ్చింది. ఆ మాస్టారు నాకు ప్రశ్న ఇచ్చారు. ఏళ్ళు గడిచాక పాఠాలు చాలావరకు మరిచిపోయాను. ఆ ప్రశ్న అడగగలిగానన్న ధైర్యం మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పాఠం ఎంత దూరమైనా వెళ్తుందని మనవాళ్ళకు చాలా కాలంగా తెలుసు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం వెళ్ళింది. మా ఇంటికి దగ్గర్లోనే, రోడ్ నంబర్ 72 ప్రశాసన్ నగర్‌లో, ఒకప్పుడు మన టీవీగా ఉండి 2017లో టీ-శాట్ అయిన సంస్థ ఉంది. ఈ చుట్టుపక్కల స్టూడియోలంటే జనం సినిమావాళ్ళనే అనుకుంటారు. కానీ ఇక్కడే ఒక స్టూడియోలో లైట్ల కింద నిలబడి లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్ళు ఉన్నారు.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాక ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రభుత్వ బడిపిల్లలకు పాఠాలు వచ్చాయి. నేనూ కొన్ని చూశాను, టీచర్ల గొంతు కోసం. వాళ్ళ కష్టం నాకు తెలుస్తుంది. సినిమా నటుడు కెమెరా ముందు జనం లేకుండా నటించడం ఏళ్ళ తరబడి నేర్చుకుంటాడు. ఈ టీచర్లకు ఆ నేర్పు ఇవ్వడానికి వ్యవధి లేదు. ఒకావిడ భిన్నాలు చెబుతూ, "అర్థమైందా పిల్లలూ?" అని అడిగి ఆగింది. క్లాసులో అయితే ఆ ఆగిన చోట నలభై మొహాలు కనబడతాయి. ఎవరి కనుబొమ్మలు ముడిపడ్డాయో, ఎవరు పక్కవాడి పలక మీదకు వంగారో ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇక్కడ కెమెరా తప్ప ఏమీ లేదు. అయినా ఆమె రెండు క్షణాలు ఆగింది. కనబడని పిల్లల కోసం అలవాటుగా ఆగిన ఆ రెండు క్షణాలే ఆ రోజు పాఠంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచాయి. ఆ చూపును ఉపగ్రహం మోసుకెళ్ళలేదు. కానీ ఆమె దాన్ని వదులుకోలేదు.

ప్రైవేటు బడుల పిల్లలకు అప్పుడు ఫోనులో క్లాసులు. చిన్న చిన్న గడుల్లో మొహాలు, చాలావరకు కెమెరా ఆపేసి, అందరూ మ్యూట్‌లో. బడులు తెరిచాక మాస్కులు వచ్చాయి. అక్షరం నేర్చే వయసు పిల్లలు టీచర్ పెదవి చూడలేదు, టీచర్ వాళ్ళ పెదవి చూడలేదు. "శ"కీ "స"కీ తేడా చెవితో పాటు కంటికీ తెలియాలి. నోరు ఎలా పెడతామో చూస్తేనే నాలుక నేర్చుకుంటుంది. డబ్బింగ్ థియేటర్లో నేను నేర్చుకున్నది అదే.

ఆ మాస్కులు పోయాయి. తెరలు మాత్రం ఉండిపోయాయి. ఉండటం మంచిదే. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు ఇచ్చింది. తెలంగాణ బడుల్లో నల్లబల్ల పక్కన డిజిటల్ తెరలు వచ్చాయి. 2025లో తెలంగాణలో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, చదవడంలో వెనకబడిన పిల్లలకు కృత్రిమ మేధతో నేర్పే ప్రయత్నం మొదలైంది. యంత్రం ఇప్పుడు పాఠం చెప్పడంతో ఆగటం లేదు, పిల్ల గొంతు విని ఎక్కడ తడబడిందో పట్టుకుంటోంది. నేను ఏది మనిషి మాత్రమే చేయగలడని అనుకున్నానో అందులో కొంత యంత్రమూ చేస్తోంది.

దాన్ని చిన్నబుచ్చడం నాకు చేతకాదు. నా చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక బెత్తం దెబ్బలు తిన్నాను. బెత్తం చూస్తేనే పెదవి బిగుసుకుపోయేది, తెలిసిన ఎక్కం కూడా బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు మా మెట్టు మీది పిల్ల ఒక మాటను ఇరవైసార్లు తప్పు చదివినా ఫోను కసురుకోదు, నలుగురిలో నవ్వదు. భయం లేకుండా తప్పు చేయగలగడం ఎంత గొప్ప వరమో దెబ్బలు తిన్నవాళ్ళకు తెలుస్తుంది. ఆ ఓపిక మనుషుల్లో అందరికీ ఉండి ఉంటే యంత్రాన్ని ఇంత ఇష్టంగా పిలుచుకునేవాళ్ళం కాదేమో.

కానీ ఆ పిల్ల పుంటికూర అన్నప్పుడు ఫోనుకు తెలిసింది ఒక్కటే, అది గోంగూర కాదని. పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో, వాళ్ళమ్మ రాత్రి ఏం వండిందో, మూడోసారి గొంతు ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలంటే ఆ పిల్ల బతుకులో కాస్త భాగం ఉండాలి. రేపు ఫోనుకు పుంటికూర కూడా నేర్పవచ్చు, నేర్పాలి కూడా. అప్పుడు మాట సరిపోతుంది. గొంతు ఎందుకు తగ్గిందని ఆగి చూసేవాళ్ళు మాత్రం అప్పుడూ కావాలి.

ఇక్కడ నాకు గిడుగు రామమూర్తి పంతులు గుర్తొస్తారు. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడినవారిగా ఆయన మనకు తెలుసు. అంతకంటే ముందు పర్లాకిమిడిలో ఆయన సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. వెంటనే పలక బలపం పట్టుకుని కొండెక్కలేదు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తాను ఆ భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాళ్ళకు పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. బోధించడానికి ముందు ఆయన విన్నారు. ఎవరికి చెప్పాలనుకున్నారో వాళ్ళ పెదవుల దగ్గరే విద్యార్థిగా కూర్చున్నారు. నూరేళ్ళు దాటినా, పనిముట్లు ఎన్ని మారినా, నేర్పడం అనేది ఇంకా అక్కడే మొదలవుతోంది.

అందుకే కొత్త పరికరం వచ్చిందని విన్నప్పుడల్లా, దానివల్ల మిగిలిన సమయం ఎవరికి వెళ్తుందన్న ప్రశ్నే నాలో లేస్తుంది. అదే పాఠాన్ని పదిసార్లు చెప్పే శ్రమ తెర తీసుకుంటే, టీచరుకు పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాలు వెనక బెంచీ పిల్ల పక్కన కూర్చోవడానికి దక్కితే ఈ యంత్రాలు నిజంగా బడిని దీవించినట్టే. యాపుల్లో వివరాలు ఎక్కించడానికీ ఫొటోలు పంపడానికీ పోతే, టీచరు చేతిలోంచి పాఠమూ పోయింది, పిల్లా పోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టీచర్ల హాజరు ఇప్పుడు ముఖం గుర్తుపట్టే యాప్‌తో పడుతోంది. ముఖాన్ని గుర్తుపట్టడం దాకా యంత్రం వచ్చేసింది. ఆ ముఖం ఇవాళ ఎందుకు వాడి ఉందో కనుక్కునే తీరిక మనుషులకు మిగల్చాలి. అది ప్రభుత్వాలు తేల్చాల్సిన సంగతి, బడిని నడిపేవాళ్ళు పట్టుబట్టాల్సిన సంగతి.

ఇళ్ళలో మాత్రం మన చేతిలోనే ఉంది. జూబ్లీహిల్స్‌లో పెద్ద ఇళ్ళ పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో ట్యాబు, ఒక్కో గది. గుట్ట దిగువన బస్తీలో ముగ్గురు పిల్లలకు కలిపి ఒక ఫోను, అదీ తండ్రి పనినుంచి వచ్చాకే. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని తీర్చి తీరాలి. అయితే రెండు చోట్లా పిల్లలకు కొదవగా ఉన్నది ఒకటి కనిపిస్తుంది. తాము మాట వెతుక్కుంటున్నంతసేపు ఎదురుగా ఆగి ఉండే మనిషి. పైన తల్లిదండ్రులకు తీరిక లేదు, కింద తల్లిదండ్రులకు ఒంట్లో శక్తి మిగలదు. ఆ మనిషి కావడానికి డిగ్రీ అక్కర్లేదు, జీతం అక్కర్లేదు. రోజుకో అరగంట, ఒక పిల్ల, కాస్త నోరు అదుపులో పెట్టుకోవడం చాలు.

ఆ నోరు అదుపులో పెట్టుకోవడమే నాకు కష్టమైంది. ఎదుటి పెదవి కదిలిన మరుక్షణం మాట అందించడమే ఇన్నేళ్ళ నా వృత్తి. పిల్ల "గో..." అనగానే నా నాలుక చివర "గోంగూర" సిద్ధంగా ఉంటుంది. అందించేస్తే పిల్లకు పని తప్పుతుంది, నాకు తెలివైనదాన్నన్న తృప్తి దక్కుతుంది. ఇద్దరమూ నష్టపోతాం. అందుకని పాత థియేటర్లో నేర్చుకున్న విద్యలో సగమే ఇప్పుడు వాడుతున్నాను. పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడు నేనూ తీసుకుంటాను. మాట మాత్రం ఆ పిల్లకే వదిలేస్తాను. బాగా బతకడమంటే ఏమిటని ఈ వయసులో నన్నెవరైనా అడిగితే, దగ్గరివాళ్ళ ఊపిరితో ఊపిరి కలిపి, వాళ్ళ మాట వాళ్ళను చెప్పుకోనివ్వడం అంటాను. ముప్ఫై ఏళ్ళ నా పని నుంచి నాకు మిగిలిన జ్ఞానం అది.

మొన్న మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాం. ఈసారి ఫోను లోపల చార్జింగులో ఉంది, చేతిలో కూరగాయల బొమ్మల పుస్తకం ఉంది. సన్నటి పచ్చని కాయల బొమ్మ వచ్చింది. పిల్ల "గోకరకాయ" అంది. అంటూనే ఆగిపోయింది. నా వైపు చూడలేదు. కింద అక్షరాల వైపు చూసింది. వేలు పెట్టింది. గుట్ట మీంచి ఒక ఆటో హారన్ కొడుతూ దిగింది, టీ కొట్టు దగ్గర ఎవరో ఎవరినో పిలిచారు. నేను ఊపిరి బిగపట్టాను. "గో... రు... చిక్... కుడు" అని కూడబలుక్కుంది. ఒకసారి బొమ్మ చూసింది, ఒకసారి అక్షరాలు చూసింది. రెంటినీ కలిపి తనలో తాను ఒకసారి అనుకుంది.

అప్పుడు తలెత్తి, "మీ ఊర్ల గిట్లనే అంటరా, పెద్దమ్మా?" అని అడిగి, జవాబు కోసం నా పెదవుల వంక చూస్తూ కూర్చుంది.